తెర వెనుక కబుర్లు: తడిసిన బండి బేరం

షూటింగు చూడ్డానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. "హీరోగారు ఎక్కడండీ?" దానికి యూనిట్ వాళ్ళు చెప్పే జవాబూ ఒకటే. "క్యారవాన్‌లో ఉన్నారు!" ఇక ఆ బండి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎండలో గంటలకొద్దీ నిలబడిపోతారు మన అభిమాన సోదరులు. ఆ బండిలో ఎవరున్నారో తెలుసుకోవాలని తహతహలాడేవాళ్ళు లక్షలమంది. ఆ బండి ఎవరిది అని అడిగినవాణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. అంచేత ఈ వారం కబుర్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

కొందరు పెద్ద స్టార్లకు సొంత బళ్ళున్నమాట నిజమే గాని, షూటింగు స్పాట్‌లో మీకు కనబడేవాటిలో చాలామటుకు హీరోగారివీ కావు, నిర్మాతగారివీ కావు. రోజుకింత అని అద్దెకు వచ్చినవి. వాటి వెనుక ఒక ఓనరు ఉంటాడు, ఆ ఓనరు వెనుక ఒక ఫైనాన్సు కంపెనీ ఉంటుంది, ఆ ఇద్దరి మధ్యా ప్రతినెలా ఒకటో తారీఖు ఉంటుంది. తెరమీద ఇవేవీ కనబడవు.

పూర్వం ఈ బాదరబందీ లేదనుకోండి. ఔట్‌డోర్ అంటే ఒక చెట్టునీడ, నాలుగు మడతకుర్చీలు. హీరోయిన్ చీర మార్చుకోవాలంటే దగ్గర్లో ఉన్న ఇల్లో, లేకపోతే నలుగురు పట్టుకున్న దుప్పటో! హిందీ చిత్రసీమకు ఈ బళ్ళను అలవాటు చేసిన ఘనత నటి పూనమ్ ధిల్లాన్‌ది అంటారు. తరువాత తరువాత మనకూ వచ్చాయి. ఇవాళ ఏసీ, అద్దం చుట్టూ దీపాలు, సోఫా, మంచం, బాత్‌రూము, వెనకాల జనరేటరు... చక్రాలమీద నడిచే చిన్న ఇల్లు అన్నమాట.

అమెరికాలో అయితే ఇలాంటి ఇళ్ళబళ్ళు సినిమావాళ్ళకే కాదు, మామూలు సంసారులకీ ఉంటాయి. 1954లోనే "ది లాంగ్ లాంగ్ ట్రైలర్" అని కొత్త దంపతులు ఇలాంటి ఇంటిని కారు వెనక కట్టుకుని ఊరేగే కథ తీశారు. 2002లో "అబౌట్ ష్మిట్"లో జాక్ నికల్సన్ రిటైరయ్యాక ఆ పెద్ద బండేసుకుని బయల్దేరతాడు. 2020 నాటి "నోమాడ్‌లాండ్" సంగతి సరేసరి, ఉత్తమచిత్రంగా ఆస్కార్ కొట్టేసింది. అక్కడా సెకండ్‌హాండ్‌లో కొనేవాళ్ళను వణికించే విలన్ ఒక్కడే. ఇంజను కాదు, టైర్లు కాదు. నీరు!

ఆ విలన్‌తో ఈమధ్య నాకు ముఖాముఖీ పరిచయమైంది. అదెలాగో చెబుతాను.

*

మేనల్లుడి కోరిక

మా అక్కయ్య కొడుకొకడు హీరో అవుదామని కృష్ణానగర్‌లో దిగాడు. అందరిలాగే ఫోటోలు తీయించుకున్నాడు, అందరిలాగే ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆఖరికి చేతిలో ఉన్న హెవీ లైసెన్సు అన్నం పెట్టింది. ఎనిమిదేళ్ళుగా ఒకరి దగ్గర క్యారవాన్ డ్రైవరు. ఒకనాడు సాయంత్రం వచ్చి, "మామయ్యా, సొంతంగా ఒక పాతబండి కొందామనుకుంటున్నా" అన్నాడు.

"ఇప్పుడేం తక్కువైందిరా?" అన్నాను.

"ఎనిమిదేళ్ళు చల్లటి బండి బయట దోమల్లో పడుకున్నాను మామయ్యా. ఒక్కసారి తలుపు లోపలివైపునుంచి గొళ్ళెం పెట్టుకోవాలనుంది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

లెక్క ఇదీ. వాడు కూడబెట్టింది 6 లక్షలు. మా అక్కయ్య గాజులూ, గొలుసూ తాకట్టు పెడితే 3 లక్షలు. పాతబండి మీద ఫైనాన్సు 6 లక్షలు, నాలుగేళ్ళ వాయిదాలు, నెలకు సుమారు 17 వేలు. వెరసి 15 లక్షలు. వాడు చూసినవాటిల్లో మచ్చ లేని మంచిబండి ఏదీ పదహారున్నరకు తక్కువ లేదు. "కానీ మామయ్యా, రెండు బళ్ళున్నాయి. ఒకటి 9 లక్షలు, ఒకటి 13 లక్షలు. రెంటికీ కాస్త నీళ్ళు తగిలాయట. బాగుచేయించారట" అన్నాడు నసుగుతూ.

అక్కయ్య ఫోనులో ఒక్కటే చెప్పింది. "ఒరే తమ్ముడూ, నా గాజులు పోతే పోయాయి. వాడి ధైర్యం పోకుండా చూడు."

మరి ఇక వెళ్ళక తప్పుతుందా?

*

నీటిలో మూడు రకాలు

బేరానికి వెళ్ళేముందు ఆటోనగర్‌లో బాడీ కట్టే పెద్దమేస్త్రి దగ్గర కూర్చున్నాం. వయసు అరవై దాటింది. వేలితో తట్టి లోపలి సంగతి చెప్పగల మనిషి. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది. "నీళ్ళు తగిలాయి అన్నమాటకు అర్థం లేదు బాబూ. ఎటునుంచి తగిలాయి? అది అడగాలి."

పైనుంచి వచ్చే నీరు ఒకటి. టాపు మీద ఏసీ కోసం కోసిన రంధ్రం, రేకుల అతుకులు, కిటికీ రబ్బర్లు, ఇవీ దాని దారులు. చుక్కచుక్కగా, ఏళ్ళ తరబడి వస్తుంది. చెక్కనూ, ఇనుపచట్రాన్నీ తింటుంది. ఇంజను జోలికి మాత్రం సాధారణంగా పోదు.

లోపలిది రెండోది. బాత్‌రూము పైపు, నీళ్ళట్యాంకు, సింకు కింద జాయింటు. అది ఫ్లోరును నానబెడుతుంది. బాత్‌రూము గుమ్మం దగ్గర మడమతో తొక్కితే నేల మెత్తగా దిగుతుంది.

మూడోది కిందనుంచి వచ్చే నీరు. అదే వరద! 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వేలకువేల బళ్ళు మునిగాయి. అలా మునిగినవాటిలో రిపేరు ఖర్చు బండి ఇన్సూరెన్సు విలువలో 75 శాతం దాటితే వాటిని మొత్తం నష్టం కింద కడతారు. ఆ తరువాత అవి వేలంలో అమ్ముడవుతాయి. కొన్ని తుక్కుకు పోతాయి. కొన్ని మాత్రం స్నానం చేసి, పౌడర్ రాసుకుని, కొత్త వేషంలో మళ్ళీ తెరమీదికి వస్తాయి!

"పైనీరు జబ్బు, కిందినీరు మరణం" అన్నాడు మేస్త్రి. ఈ ఒక్క డైలాగుకు థియేటర్లో ఈలలు పడాలి.

ఎందుకలాగా అంటారా? గాలిని నొక్కితే నలుగుతుంది, నీటిని నొక్కితే నలగదు. మునిగిన ఇంజనును స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి చేరిన నీరు పిస్టన్‌కు అడ్డం పడుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అంతకంటే మాయదారిది కరెంటు తీగ. దాని చివర నీటిలో తడిస్తే, దీపంవత్తి నూనె పీల్చినట్టు, రాగిపోగుల మధ్యనుంచి నీరు లోపలికి పాకుతుంది. ఆరునెలల తరువాత పచ్చటి చిలుం పడుతుంది. ఇవాళ డీజిల్ బళ్ళన్నీ కంప్యూటర్ పెట్టెల మీద నడిచేవే. ఏ తీగ ఎప్పుడు మొరాయిస్తుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. షూటింగు మధ్యలో ఏసీ ఆగితే ఓనరుకు ఆ రోజు అద్దె మాత్రమే పోదు, ఆ మేనేజరు మళ్ళీ పిలవడం కూడా పోతుంది.

*

మొదటి బండి: మేకప్ ఎక్కువైంది

తొమ్మిది లక్షల బండి 2018 మోడల్. చూడగానే మా మేనల్లుడి కళ్ళు మెరిశాయి. మెరవవూ మరి! బయట కొత్త రంగు, లోపల కొత్త కార్పెట్టు, సీట్లకు కొత్త తొడుగులు, గుప్పుమని మల్లెపూల సెంటు. అమ్మకందారు మహా మర్యాదస్తుడు. "కొద్దిగా వాన కారిందండీ, అంతా బాగుచేయించేశాం" అన్నాడు.

నాకొక అనుమానం ఏమిటంటే, అంత తక్కువకు అమ్మేవాడు అంత కొత్త కార్పెట్టు ఎందుకు వేయిస్తాడు?

ముందు తలుపులన్నీ మూయించి, ఏసీ ఆపించి, పావుగంట లోపల కూర్చున్నాం. మొదటి అయిదు నిమిషాలు మల్లెపూలు. తరువాత నెమ్మదిగా వాటి కిందనుంచి తడిసిన గోనెసంచీ కంపు! సెంటు అలసిపోతుంది గాని చెమ్మ అలసిపోదు.

తరువాత డ్రైవరు సీటుబెల్టును చివరంటా లాగించాం. పైన శుభ్రంగానే ఉంది. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు మీద సన్నటి బురదచార! సీటు కింద పట్టాల్లో పిండిలాంటి ఒండ్రుమట్టి. సీటు బిగించిన బోల్టుల తలలన్నీ తుప్పు. టాపు కారితే తుప్పు పైన ఉండాలి గాని, మోకాలి కిందెందుకుంటుంది? ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల గోడమీద గీత గీసినట్టు నీటిమట్టం. ఇక చెప్పేదేముంది, హంతకుడు వేలిముద్ర వదిలాడు!

కాగితాల్లోనూ అదే కథ. పాత ఇన్సూరెన్సు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఉంది. 2024 సెప్టెంబరు తరువాత తీసుకున్న పాలసీలో అది సున్నా. అంటే మధ్యలో ఎవరో క్లెయిమ్ చేశారన్నమాట. దేనికి చేశారండీ అని అడిగితే, "అబ్బే, చిన్న గీతండీ" అన్నాడు పెద్దమనిషి. ఆ క్లెయిమ్ కాగితం చూపించమంటే దొరకలేదు. సర్వీసు పుస్తకమూ దొరకలేదు.

మేనల్లుడు బయటికి వచ్చి, "ఏడుకిస్తాడేమో మామయ్యా!" అన్నాడు ఆశగా.

"ఊరికే ఇచ్చినా వద్దురా" అన్నాడు పక్కనే ఉన్న మేస్త్రి.

దీనికి ఖర్చులెక్క ఒక్కటే కారణం కాదు. ఇలాంటి బండిలో 230 వోల్టుల కరెంటు నడుస్తుంది. గోడలు రేకు, మెట్లు ఇనుము. వానపాట తీసి, తడిచీరతో, చెప్పుల్లేకుండా ఒక అమ్మాయి ఆ ఇనుపమెట్టు మీద కాలు పెట్టింది అనుకోండి. నీరు తాగిన తీగ ఒక్కటి బాడీని తాకి ఉంటే ఏమవుతుంది? మనం చెప్పుకునేది సినిమా కబుర్లే గాని, ఈ సీనుకు రీటేకు లేదు.

*

రెండో బండి: ముఖాన మచ్చ

పదమూడు లక్షల బండి ఓనరు ఒకప్పటి ప్రొడక్షన్ మేనేజరు. పెద్దాయన. బండి చూపిస్తూనే మేకప్ అద్దం పైన చేయి పెట్టి, "ఇదిగో బాబూ, ఇక్కడ మచ్చుంది చూడండి. రెండు వానాకాలాలు కారింది. నేను సిలికాన్ పూయించాను. ఆగిందనే అనుకుంటున్నాను" అన్నాడు. అరచేతి వెడల్పున టీరంగు మచ్చ. దానిమీద రంగు వేయలేదు, పోస్టరు అంటించలేదు.

మొదటి బండి కంటే ఇది చూడ్డానికి సగం అందంగా కూడా లేదు. అయినా నాకు ఎందుకో ఊపిరి తేలికయింది.

కిందినీరు పరీక్షలన్నీ మళ్ళీ చేశాం. సీటుబెల్టు శుభ్రం. పట్టాల్లో మామూలు దుమ్ము. ఇంజనాయిల్ కడ్డీ తీస్తే నల్లగా, మామూలుగా ఉంది. అదే నీరు కలిసిన ఆయిలైతే పాలు పోసిన కాఫీలా ఉంటుంది. జనరేటర్ చుట్టలను ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో చూశాడు, బాగానే ఉంది. కాబట్టి విలన్ వచ్చింది పైదారినే. ఎంతదూరం వచ్చాడన్నదే తేలాలి.

మేస్త్రి దగ్గర అరచేతిలో పట్టే చెమ్మమీటరు ఉంది. రెండు సూదులు చెక్కలో గుచ్చితే అంకె చెబుతుంది. మంచం పక్క గోడకు 12. బాత్‌రూము వైపు 13. మచ్చ దగ్గర 24! చెక్కలో చెమ్మ 20 శాతం దాటి అలాగే నిలిస్తే కుళ్ళు పట్టడానికి అనువు. మీటరు అంకె దానంతటది వేదవాక్కేమీ కాదు, పక్కన రేకు తగిలినా పెరుగుతుంది. అంచేత ఆరినచోటికీ అనుమానపు చోటికీ తేడా చూడాలి. తేడా స్పష్టంగా ఉంది. అంటే సిలికాన్ ఆపలేదు, దాచిందంతే.

మరి ఎక్కడ కారుతోంది? ఎండాకాలంలో బండి చూస్తే ప్రతి టాపూ మంచిదే. అంచేత వాన కావాలి. వాన కావాలంటే మనం ఎక్కడున్నాం? సినిమా పరిశ్రమలో!

మా మేనల్లుడికి వాన ఎఫెక్ట్ కుర్రాళ్ళతో స్నేహం. ఏదో పాటకు తెచ్చిన ట్యాంకరులో నీళ్ళు మిగిలాయట. ఓనరుగారి అనుమతితో సాయంత్రం నాలుగింటికి బండి చుట్టూ గొట్టాలు ఎత్తారు. చిల్లుల గొట్టంలోంచి జోరున వాన! హీరో లేడు, హీరోయిన్ లేదు, కొరియోగ్రాఫర్ లేడు. ఒక పాతబండి, దాని లోపల టార్చిలైట్లు పట్టుకున్న మేం నలుగురం. ముందు కిటికీల మట్టానికి, ఆ తరువాతే టాపుకు. కిందనుంచి పైకి వెళితే ఏ అతుకు దగ్గర దోషముందో తెలుస్తుంది. ఒకేసారి పైనుంచి పోస్తే ఏది ఎక్కడిదో తెలీదు.

ఇరవై నిమిషాలు ఏమీ లేదు. మేనల్లుడు నావైపు చూసి నవ్వాడు. ఇరవై అయిదో నిమిషాన అద్దం మూల ఒక చుక్క మెరిసింది. మెరిసి, బల్బు హోల్డరు తీగ వెంబడి మెల్లగా దిగింది.

వాడి నవ్వు ఆరిపోయింది. బల్బులు ముందే ఆర్పించి ఉండబట్టి సరిపోయింది.

చుక్క కనబడింది అద్దం దగ్గరే గాని, కన్నం అక్కడ లేదు. నీరు పైన ఎక్కడో దూరి, చట్రం మీదుగా నడిచి, వంపు దొరికినచోట దిగుతుంది. టాపెక్కి చూస్తే ఏసీ రంధ్రం అంచున, అద్దానికి నాలుగడుగుల ముందర, పాత సిలికాన్ పొరమీద పొర, దానిమీద మరో పొర. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అతకదు. మొత్తం గీకి, శుభ్రం చేసి, బాడీ అతుకులకు వాడే పాలియురెథేన్ సీలెంటు వేయాలి. ఇది తెలియకే చాలామంది ఏటా డబ్బు పోసి ఏటా కారించుకుంటారు.

*

విప్పితే గాని తెలీదు

మేస్త్రి అంచనా: పైకి కనబడేదానికే అయితే లక్షా 60 వేలు. చట్రం కూడా పోయి ఉంటే 3 లక్షల 20 వేలు. "విప్పితే గాని తెలీదు" అన్నాడు.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. మీరూ వేయండి. బండి 13 లక్షలు. గడ్డురోజు రిపేరు 3 లక్షల 20 వేలు. పని నెలన్నర సాగితే ఆ వాయిదాలు 25 వేలు. పేరు మార్పిడి, ఇన్సూరెన్సు, చిల్లర ఖర్చులు 35 వేలు. మొత్తం 16 లక్షల 80 వేలు! మచ్చలేని బండేమో పదహారున్నర. అంటే తడిసిన బండిని పొడిబండి కంటే ఎక్కువకు కొంటున్నామన్నమాట. చవక అనుకున్నది ఎక్కడికి పోయిందో చూశారా?

ఇలాంటి బేరంలో అందరూ అడిగేది "ఎంతకు ఇస్తారు?" అని. అడగవలసింది "మూడుచోట్ల చెక్క విప్పనిస్తారా?" అని. నేనదే అడిగాను. ఓనరుగారు కాసేపు ఆలోచించి, "విప్పుకోండి. మళ్ళీ బిగించే కూలి మాత్రం మీదే" అన్నారు. కాదంటే నేను అప్పుడే నమస్కారం పెట్టేవాణ్ణి. తెరవనివ్వని గోడను తెరిచిచూసిన ధరకు కొనకూడదు.

అద్దం వెనుక, ఏసీ పక్కన, అద్దం కింద నేల దగ్గర విప్పాం. అద్దం వెనుక ప్లైవుడ్ పొరలుపొరలుగా ఊడి, తడిసిన అప్పడంలా వచ్చేసింది. మామూలు ప్లైవుడ్ మరి. మార్చేటప్పుడు మెరైన్ ప్లై వేయాలి. ఐఎస్ 710 అని దానిమీదే ముద్ర ఉంటుంది. ఏసీ పక్క ఇనుపగొట్టం మీద తుప్పు. మేస్త్రి స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాడు. దిగలేదు. పిడితో తట్టాడు. ఖంగుమంది, బుస్సుమనలేదు. "పైతుప్పే. గీకి, ప్రైమర్ కొడితే బతుకుతుంది" అన్నాడు. కింద నేల గట్టిగానే ఉంది. కొత్త అంచనా 2 లక్షల 20 వేలు. అద్దం చుట్టూ వైరింగంతా కొత్తది వేయడం అందులోనే.

దానితోబాటు ఒక షరతు నేను పెట్టాను. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించాలి. ఎక్కడైనా కరెంటు లీకై మనిషిగుండా పోబోతే సెకనులో ఏ కొద్దిభాగంలోనో సప్లయి కోసేసే స్విచ్చి అది. ఇందులోనూ ఒక కిటుకుంది. జనరేటరుతో నడిచే బండిలో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలపవలసినచోట సరిగా కలపకపోతే ఆ స్విచ్చి ఉన్నా అలంకారమే. అంచేత లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించి, టెస్టు బటన్ నొక్కి చూడాలి.

బేరం మొదలైంది. పదమూడు అన్నారాయన. పదకొండు అన్నాడు మావాడు. ఓనరుగారు పన్నెండుంబావు దగ్గర ఆగిపోయారు. నేను కాగితం ఆయన ముందు పెట్టాను. దాచేదేముంది? రెండుసార్లు చదువుకుని, "ప్రొడక్షన్ మేనేజరుకే బడ్జెట్ చూపిస్తున్నారే!" అని నవ్వి, పదకొండున్నరకు దిగారు.

పదకొండున్నర, రెండూ ఇరవై, అరవైవేలు. వెరసి 14 లక్షల 30 వేలు. పదహారున్నరకు తేడా 2 లక్షల 20 వేలు. మేనల్లుడు దాన్ని లాభం అన్నాడు. "కాదురా. అది మనం విప్పని చెక్కల వెనకున్న నీటికి జామీను" అన్నాను. ఇక వాడి 15 లక్షల్లో మిగిలేది 70 వేలు. అందులో మూడునెలల వాయిదా, 51 వేలు, బ్యాంకులో వేసి ముట్టుకోకూడదని ఒట్టు వేయించాను. ఎందుకంటారా? 2020 మార్చిలో కరోనాతో షూటింగులు ఆగాయి. 2022 ఆగస్టు ఒకటి నుంచి నిర్మాతలే ఆపారు. 2025 ఆగస్టులో కార్మికుల సమ్మెతో రెండువారాలకు పైగా ఆగాయి. ఎవరి న్యాయం వాళ్ళదే కావచ్చు. వాయిదా మాత్రం ఎవరికోసమూ ఆగలేదు.

కాగితాలూ చూశాం. ఆర్‌సీలో బండి రకం ఏమని ఉందో, లోపల ఉన్నదానికి అది సరిపోతుందో లేదో చూసుకోవాలి. సరుకులబండిగా రాసుకుని లోపల మంచం వేసుకుంటే రేపు ఇన్సూరెన్సు వాళ్ళు ముఖం తిప్పుకుంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇలాంటి మార్పుల గురించే. పాత ఫైనాన్సు తీరిందన్న కాగితం, ఫారం 35. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30. ఇవన్నీ సంతకమయ్యేదాకా పూర్తి సొమ్ము ఇవ్వకూడదు. మావాడు అడ్వాన్సు 50 వేలు ఇచ్చాడు. రసీదులో "టాపు కారిన చరిత్ర కొన్నవారికి తెలుసు, వరదలో మునగలేదని అమ్మినవారి హామీ" అని రాయించాం. ఓనరుగారు చదివి, తన పెన్నుతోనే సంతకం చేశారు.

*

మీ సంగతేమిటి?

"మాకెందుకండీ క్యారవాన్ గొడవ, మేం కొనబోతామా?" అంటారు కదూ! మీరు క్యారవాన్ కొనకపోవచ్చు. రేపో మాపో సెకండ్‌హాండ్ బైకు కొంటారు. వరదకు బైకని జాలి లేదు. అంచేత నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

నీరు తగిలింది అంటే, ఎటునుంచి అని అడగండి. ఒకవేళ కిందనుంచి అయితే, ఎంత చవకైనా దండం పెట్టి వచ్చేయండి. సీటు విప్పి, సైలెన్సర్ వెనుకా, బ్యాటరీ పెట్టెలోనూ, వైరు జాయింట్లలోనూ చూడండి. బురదా, చిలుమూ అబద్ధమాడవు. పాత ఇన్సూరెన్సు కాగితంలో బోనస్ ఎప్పుడు సున్నా అయిందో చూడండి. బండి కొత్తగా మెరిసిపోతూ, ధర మాత్రం నేల చూస్తూంటే, ఆ మెరుపు ఎవరికోసమో ఒక్కక్షణం ఆలోచించండి.

మచ్చ ఉన్నంతమాత్రాన బండి చెడ్డదని కాదు. మచ్చ చూపించినవాడితో బేరమాడవచ్చు. మచ్చమీద రంగు వేసినవాడితో మాట్లాడ్డమే దండగ.

బండి ప్రస్తుతం ఆటోనగర్‌లో చొక్కా విప్పుకుని నిలబడి ఉంది. అద్దం వెనుక కొత్త ప్లై ఎక్కుతోంది. పని పూర్తయ్యాక మరో ట్యాంకరు వాన కురిపించి, చుక్క రాలేదని తేలాకే మేస్త్రికి ఆఖరి బాకీ ఇస్తానని మావాడి ఒప్పందం. అక్కయ్య తాకట్టు రసీదును దేవుడిపటం వెనుక పెట్టింది. ఈసారి షూటింగు చూడ్డానికి వెళ్ళినప్పుడు, తలుపు ఎంతకీ తెరుచుకోకపోతే హీరోగారిని తిట్టుకోకండి. డ్రైవరు సీట్లో కునికిపాట్లు పడే కుర్రాణ్ణి పలకరించి, "బండి మీదేనా?" అని అడిగి చూడండి. ఏ ఒక్కడైనా "మాదేనండీ" అంటే వాడి ముఖం చూడాలి మీరు!

వచ్చేవారం మరో కబురుతో... అంతవరకు సెలవు.